స్తెఫాన్ పండగకి ఇంట్లో లేము

ఆ ఏడు నవంబరు చివర్లో ఒక ఆదివారం పొద్దున్న, వంటింటి బల్ల మీదున్న ఉల్లిపాయల బుట్ట కిందికి దించి, ఆ జాగాలో కార్లోవ్త్సి ఊరి పటం పరిచాను. పటం అంటే పెద్దదేమీ కాదు. మా కోల్డ్ స్టోరేజీలో నా పక్కన నిలబడి రాస్‌బెర్రీలు ఏరే ఒకామె నిరుడు అక్కడికి వెళ్లి తెచ్చుకున్న కాగితం. రెండు గోపురాల చర్చి, నాలుగు సింహాల ఫౌంటెన్, మూడొందల ఏళ్ల నాటి బడి, వైన్ నేలమాళిగలు అన్నీ దాని మీద బొమ్మలుగా వేసి ఉన్నాయి. మేం దిగబోయే గదులున్న వీధి మీద ఎర్ర పెన్సిలుతో గుండ్రంగా గీశాను.

"ఎనిమిదిన బయల్దేరతాం. పన్నెండు సాయంత్రానికి ఇంట్లో ఉంటాం," అన్నాను మా ఆయన మిలాదిన్‌తో.

అతను కాఫీ కప్పు నోటిదాకా తీసుకెళ్లి అక్కడే ఆపాడు. "ఏ నెల ఎనిమిది?"

"జనవరి."

కప్పు దించేశాడు. "యావోర్కా, తొమ్మిది స్తెఫాన్ పండగ."

"నాకు చెప్తున్నావా? పంతొమ్మిదేళ్లుగా ఆ రోజు పొయ్యి దగ్గర ఉంటున్నది నువ్వా, నేనా?"

అతను చెంచా తీసుకుని కాఫీ కలపడం మొదలుపెట్టాడు. పద్నాలుగేళ్ల మా అమ్మాయి లెంకా మాత్రం పటం మీదికి వంగి, "అమ్మా, నిజంగా వెళ్తున్నామా? మనమా?" అంది. ఆ "మనమా" అన్న మాట నాకు గుచ్చుకుంది. అది పుట్టాక మేం కలిసి ఇల్లు దాటి ఎక్కడికీ వెళ్లలేదు.

మా సెర్బియాలో ప్రతి ఇంటికీ ఒక పునీతుడు ఉంటాడు. తండ్రి నుంచి కొడుక్కి వస్తాడు, ఇంటిపేరు వచ్చినట్టే. మా ఇంటికి స్తెఫాన్. ఆయన రోజున చేసే పండగని స్లావా అంటాం. క్రిస్మస్ మాకు జనవరి ఏడు కనక, దాని మూడోనాడే స్లావా పడుతుంది. ఒక వంట ముగిసిన గిన్నెలు తోమేలోపే ఇంకో వంట మొదలన్నమాట. స్లావాకి ఎవర్నీ పిలవం. పిలిస్తే తప్పు. ఒకసారి వచ్చినవాళ్లు బతికున్నంత కాలం వస్తారు, వాళ్ల పిల్లలూ వస్తారు. పిలవనివాళ్లని రావద్దని చెప్పడం ఎలా?

మా ఇంటికి నలభై, యాభై మంది వచ్చేవాళ్లు. ఇంటి యజమాని ఆ రోజంతా కూర్చోడు. చేతి మీద తువ్వాలు వేసుకుని, సీసా పట్టుకుని, అతిథుల కుర్చీల వెనకాల నిలబడి కావలసింది అందిస్తాడు. అది ఆచారం. వచ్చిన ప్రతివాళ్లూ దాన్ని మెచ్చుకుంటారు. ఆడవాళ్లం మేమూ కూర్చోం గానీ దాన్ని ఎవరూ ఆచారం అనరు. పులిసిన క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి, మూడు గంటలు ఉడికించిన సార్మా నేను మూడొందలు చేసేదాన్ని. నా నోట్లోకి వచ్చేసరికి అది చల్లారి, మీద కొవ్వు తెల్లగా పేరుకుని ఉండేది. వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి తినేదాన్ని.

కిందటి స్లావాకి మాత్రం ఎవరూ రాలేదు. అంతకు ముందు నవంబరులో మా అత్తయ్య స్తామెనా పోయింది. చావు జరిగిన ఇంట్లో ఏడాది పాటు స్లావాకి కొవ్వొత్తి, రొట్టె, తీపి గోధుమలు, అంతే. అతిథులుండరు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలిసేలా మా పోజెగా వారపత్రికలో నల్లగీతల గడిలో రెండు వాక్యాలు వేయించాం. ఆ జనవరి తొమ్మిదిన మధ్యాహ్నం భోంచేసి పడుకున్నాను. లేచేసరికి నాలుగు. బయట సన్నగా మంచు కురుస్తోంది. ఇల్లంతా నిశ్శబ్దం. అబ్బ, ఎంత హాయిగా ఉంది అనుకున్నాను. ఆ మరుక్షణం ఆ హాయి ఎలా వచ్చిందో గుర్తొచ్చి దిండులో మొహం పెట్టి ఏడ్చాను. సిగ్గుపడ్డాను గానీ, ఆ మధ్యాహ్నం నిద్ర రుచి మాత్రం మర్చిపోలేదు.

నాకు ఏడాదిలో దొరికే సెలవు జనవరి మొదటి రెండు వారాలే. వేసవంతా రాస్‌బెర్రీలు, తర్వాత ప్లమ్ పళ్లు, తర్వాత ఎగుమతి పెట్టెలు. క్రిస్మస్ ఇంట్లోనే చేస్తాను, దాన్ని వదులుకునేంత ధైర్యం నాకు లేదు. మిగిలేవి ఈ ఐదు రోజులు. లెంకా ఇంకో ఏడాదో రెండేళ్లో పోతే నాతో రానంటుంది. నాకు కావలసిందల్లా ఆ ఐదు రోజులే. గదుల యజమానురాలికి ఫోన్ చేసి మాట తీసుకున్నాను. నికోలా పండగ లోపల, అంటే డిసెంబరు పంతొమ్మిది లోపల, ఖాయం చెయ్యమంది.

"నాన్నకి నువ్వే చెప్పు," అన్నాడు మిలాదిన్.

"నీ నాన్నకి నేనా?"

"నేను చెప్తే నీ మాటే నేను చెప్తున్నానని తెలిసిపోతుంది. అదేదో నువ్వే చెప్పెయ్."

మా మామగారు ఓబ్రెన్ పెరటి వసారాలో అక్రోట్‌లు కొడుతున్నారు. రైల్వేలో నలభై ఏళ్లు చేసి దిగిన మనిషి. ఎండాకాలం చలికాలం తేడా లేకుండా ఆ పాత రైల్వే టోపీ నెత్తి మీదే ఉంటుంది. నేను ఎదురుగా నిలబడి, దండకం చదివినట్టు గబగబా చెప్పేశాను. ఎనిమిది, పన్నెండు, కార్లోవ్త్సి, లెంకా, నా సెలవులు. ఆయన మధ్యలో రెండు కాయలు కొట్టారు. పప్పు చెదరకుండా తీసి గిన్నెలో వేశారు.

"వెళ్లండమ్మా," అన్నారు. "నేనుంటా."

"మీరూ రండి మామయ్యా. మిమ్మల్ని వదిలేసి వెళ్తామనలేదు."

"ఇల్లు ఎవరో ఒకరు చూసుకోవాలిగా. వచ్చినవాళ్లకి తలుపు తియ్యాలిగా. నేనుంటాలే."

మళ్లీ సుత్తి ఎత్తారు. మాట అయిపోయింది.

వంటింట్లోకి వచ్చి మిలాదిన్ మీద పడ్డాను. "విన్నావా? నేనుంటా అంటారు!"

"వద్దనలేదుగా?"

"వద్దంటే బావుండేది, దెబ్బలాడేదాన్ని. ఆయనొక్కరే టోపీ పెట్టుకుని ఖాళీ పొయ్యి ముందు నిలబడి నలభై మందికి తలుపు తీస్తే, ఊరు ఎవర్నంటుంది? నిన్నంటుందా? కోడలు అత్త పోగానే ముసలాయన్ని గాలికొదిలేసి షికారు కెళ్లిందంటుంది."

"అయితే మానేద్దామా?"

"నోర్ముయ్," అన్నాను. పటం మడిచి బ్రెడ్ డబ్బా కింద పెట్టాను. చింపడానికి చెయ్యి రాలేదు.

ఆ తర్వాత పది రోజులు ఇంట్లో ఎవరూ కార్లోవ్త్సి ఊసెత్తలేదు. నేను గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టేదాన్ని. మామయ్య నా కంటపడకుండా తిరిగేవారు. లెంకా మాత్రం రోజూ ఒకసారి బ్రెడ్ డబ్బా ఎత్తి చూసేది.

డిసెంబరు పదో, పదకొండో. పొద్దుటి షిఫ్టు దిగి మూడింటికి ఇంటికొచ్చాను. గేటు దగ్గరికే మాడు వాసన వచ్చింది. పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్తే వంటింటి నిండా పొగ. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. మామయ్య అత్తయ్య ఏప్రన్ కట్టుకుని, టోపీ తియ్యకుండానే, సింకు ముందు నిలబడి గిన్నె అడుగు గోకుతున్నారు. బల్ల మీద ఇంకో గిన్నెలో జావలాంటిది ఏదో ఉంది.

"ఏంటి మామయ్యా ఇది?"

"గోధుమలు. మీరు వెళ్తే పండగకి నేనే వండాలిగా," అన్నారు ఆయన వెనక్కి తిరక్కుండా.

"ఇవా?"

"అవి రెండోసారివి. మొదటివి ఇందులో ఉన్నాయి." గిన్నె చూపించారు. నల్లగా బొగ్గు. "ముందు మాడిపోయాయి. ఈసారి నీళ్లెక్కువ పోస్తే ఇలా అయింది. అమ్మాయ్, వీటిని ఎన్నిసార్లు కడుగుతారు?"

"ఏడుసార్లు. ముందు రాళ్లేరాలి."

"రాళ్లు కూడా ఏరాలా?"

నాకు నవ్వొచ్చింది. పది రోజుల కోపం మీద నవ్వడం నాకు ఇష్టం లేదు, అయినా ఆగలేదు. "ఏరకపోతే వుకాషిన్ బాబాయికి మిగిలిన రెండు పళ్లూ ఊడతాయి," అన్నాను. వుకాషిన్ మామయ్యకి చిన్ననాటి స్నేహితుడు, మిలాదిన్‌కి బాప్తిస్మంలో పేరు పెట్టినాయన. ఎనభై ఏళ్ల వయసులో కూడా కొండ మీది ఊరి నుంచి పదకొండు గంటల బస్సులో, చంకలో ప్లమ్ సారా సీసాతో, అందరికంటే ముందు మా గడపలో దిగేవాడు.

మామయ్య నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఏప్రన్ ముడి వీపు మీద కాక పక్కకి వేసుకున్నారు.

"యాభై ఏళ్లు ఈ గోధుమల ముందు నిలబడి దణ్ణం పెట్టాను. వచ్చిన ప్రతివాడికీ చెంచాతో అందించాను. వీటిలో రాళ్లుంటాయని నాకు తెలీదు," అన్నారు.

నేను జావ గిన్నె తీసి పక్కన పెట్టాను.

"మిలాదిన్ రెండో క్లాసులో ఉండగా మీ అత్తయ్య ఓసారి అడిగింది," అన్నారు. "జనవరిలో ఎక్కడికైనా వెళ్దామని. ఊరేదో కూడా చెప్పింది, నాకిప్పుడు గుర్తులేదు. నాకు రైల్వే పాసుండేది. ఇంటిల్లిపాదికీ ఊరికే. దేశమంతా తిరగొచ్చు. మరి వచ్చేవాళ్ల సంగతి అన్నాను. సరేలే అంది. మళ్లీ అడగలేదు."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ. ప్రతి ఏడూ పాసు వచ్చేది. ప్రతి ఏడూ మురిగిపోయేది." టోపీ తీసి బల్ల మీద పెట్టారు. టోపీ లేకుండా ఆయన తల చాలా చిన్నగా కనిపించింది. "ఆ గదుల్లో నాకో మంచం దొరుకుతుందా?"

"ఉంది. వంటగది పక్కన మడత మంచం."

"గురక పెడతాను."

"తెలుసు మామయ్యా. పంతొమ్మిదేళ్లుగా గోడవతల నుంచి వింటూనే ఉన్నా."

అప్పుడు నవ్వారు. నేను గిన్నె అందుకుని గోకడం మొదలుపెట్టాను. ఆ సాయంత్రమే గదులు ఖాయం చేశాను.

మర్నాడు ఆయన చొక్కా మార్చుకుని వారపత్రిక ఆఫీసుకి బయల్దేరారు. తోడు నేను వెళ్లాను. అక్కడ కౌంటర్లో అమ్మాయి నల్లగీతల కాగితం తీసి, మొహం దిగులుగా పెట్టి, "ఎవరు పోయారండీ?" అంది.

"ఎవరూ పోలేదు."

"మరి స్లావాకి అతిథులు వద్దంటున్నారు?"

"వద్దనడం లేదు. మేం ఇంట్లో ఉండం. ఊరెళ్తున్నాం."

ఆ అమ్మాయి నా వంక చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ వంక చూశాను. "తాతగారూ, పండగ మానేవాళ్లకి నల్లగీతల గడి ఒక్కటే ఉంది మా దగ్గర. ఊరెళ్లేవాళ్లకి లేదు," అంది.

"గీతలు తీసెయ్."

"తీసేస్తే మామూలు ప్రకటనల్లో పడుతుంది. ట్రాక్టర్లూ, పశువులూ అమ్మే పేజీలో."

"పడనీ," అన్నారు మామయ్య.

అలాగే పడింది. పైన నాలుగేళ్లు వాడిన ట్రాక్టరు, కింద రెండో ఈత పాడి ఆవు, మధ్యలో మేము. "జెచెవిచ్ కుటుంబం ఈ ఏడు స్తెఫాన్ పండగకి ఇంట్లో ఉండదు. ఊరెళ్తున్నందువల్ల. మన్నించగలరు. ఇట్లు, ఓబ్రెన్, ఇంటి యజమాని." తన పేరు ఉండాల్సిందేనని ఆయన పట్టుబట్టారు. తిట్టేవాళ్లు తననే తిట్టాలట.

ఊరు ఊరుకుంటుందా? రొట్టెల కొట్టు దగ్గర ముసలాయనకి మతి చలించిందన్నారు. కోల్డ్ స్టోరేజీలో కోడలే మెడలు వంచి తీసుకెళ్తోందన్నారు, అదీ నా పక్కనే నిలబడి. ప్రకటన పడిన రోజు సాయంత్రమే వుకాషిన్ ఫోన్ చేశాడు. ఆయన ఫోన్లో మాట్లాడితే కొండ మీంచి నేరుగా అరిచినట్టే ఉంటుంది, స్పీకర్ అక్కర్లేదు.

"ఎవరు పోయార్రా?"

"ఎవరూ పోలేదురా వుకాషిన్."

"మరి పేపర్లో ఏంటది?"

"ఊరెళ్తున్నాం. పిల్లలతో."

"చావు లేని ఇంట్లో స్లావా ఆగుతుందట్రా ఓబ్రెన్? ఎప్పుడన్నా విన్నావా?" అన్నాడు. ఫోన్ టక్కున పెట్టేసిన శబ్దం నాకు కూడా వినిపించింది.

మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆ స్నేహం వయసు డెబ్బై ఏళ్లకి పైమాటే. ఇప్పుడు మానేద్దాం అంటారేమో అనుకున్నాను. అనాలనిపించే ఉంటుంది. కానీ ఆయన నా వైపు చూసి, "అక్కడ చలెక్కువా? ఉన్ని మేజోళ్లు ఎన్ని పెట్టుకోను?" అని అడిగారు.

క్రిస్మస్ అయింది. ఎనిమిది పొద్దున్నే మిలాదిన్ పాత కారులో నలుగురం ఇరుక్కున్నాం. కోళ్లకి మేత వేసి, పైపులు గడ్డకట్టకుండా పొయ్యి రాజెయ్యమని తాళం చెవి పక్కింటి దోబ్రిలా పిన్నికి ఇచ్చాను. మామయ్య ఒళ్లో ఒక సంచి. అందులో తువ్వాల్లో చుట్టిన పెద్ద కొవ్వొత్తి, నేను కాల్చిన పండగ రొట్టె, సీసాలో ఏడుసార్లు కడిగి ఉడికించిన గోధుమలు. ఈసారి రాళ్లు ఏరింది ఆయనే. కళ్లజోడు పెట్టుకుని మధ్యాహ్నమంతా ఏరారు.

తొమ్మిది పొద్దున్న, ఎవరిదో తెలియని బల్ల మీద కొవ్వొత్తి వెలిగించారు. తండ్రీ కొడుకులు రొట్టెని చేతుల్లో తిప్పి, మీద వైన్ పోసి, విరిచి, దాన్ని ముద్దుపెట్టుకున్నారు. తలో చెంచా గోధుమలు నోట్లో వేసుకున్నాం. అంతా కలిపి పావుగంట పట్టింది. ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ లేదు. నా చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒళ్లో పడున్నాయి. పొయ్యి మీద ఏదో మర్చిపోయినట్టు రెండుసార్లు లేచి చూశాను.

బయటికొచ్చాం. చర్చి గంటలు మోగుతున్నాయి. కూడలిలో నాలుగు సింహాల నోళ్లలోంచి నీళ్లు గడ్డకట్టి వేలాడుతున్నాయి. ఈ ఫౌంటెన్ నీళ్లు తాగినవాళ్లకి ఇక్కడే పెళ్లవుతుందట అని లెంకా చెప్పగానే, మామయ్య ఒక మంచు ముక్క విరిచి నోట్లో వేసుకున్నారు.

"తాతా, పెళ్లికొడుకువైపోయావ్!"

"కట్నం ఇస్తే చేసుకుంటా," అన్నారు ఆయన మంచు నములుతూ. మిలాదిన్ పగలబడి నవ్వాడు. అతను అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

కానీ పదకొండయ్యేసరికి మామయ్య జేబులోంచి గడియారం తీశారు. "బస్సు వచ్చి ఉంటుంది," అన్నారు. కాసేపాగి మళ్లీ, "పేపర్లో చూశాడుగా. దిగడులే," అన్నారు. పన్నెండింటికి దోబ్రిలా పిన్నికి ఫోన్ చెయ్యమన్నారు. మోగింది, ఎత్తలేదు. ఒంటిగంటకి ఎత్తలేదు. మూడింటికీ ఎత్తలేదు. దోబ్రిలా పిన్ని ఫోన్ ఎత్తకపోవడం నా జన్మలో చూడలేదు. మోగకముందే ఎత్తే రకం. చీకటి పడుతుండగా ఎత్తింది. "కోళ్లు బానే ఉన్నాయ్, ఇల్లు బానే ఉంది, నాకు చాలా పనుంది, పెట్టేస్తున్నా," అని పెట్టేసింది.

"ఏదో జరిగింది," అన్నారు మామయ్య. మొహం పాలిపోయింది. "వాడు వచ్చాడు. వచ్చి, తాళం చూసి, ఆ చలిలో తిరిగి వెళ్లిపోయాడు. మళ్లీ మన గడప తొక్కడు. రేపు పొద్దున్నే వెళ్లిపోదాం మిలాదిన్."

మిలాదిన్ తల వంచుకున్నాడు. లెంకా నా వైపు చూసింది. అది ఏం చూస్తోందో నాకు తెలుసు. ఇంకో మూడు రోజులున్నాయి. సరేలే అనడం చాలా తేలిక. నా నాలుక చివరిదాకా వచ్చింది. సరేలే అనేసి, మళ్లీ ఎప్పుడూ అడగని మనిషి నాకు గుర్తొచ్చింది.

"మీరు వెళ్లండి మామయ్యా. పొద్దున బస్సుంటుంది," అన్నాను. "నేను రాను."

నేను మాట మార్చుకోలేదు. ఆయన నన్ను చాలాసేపు చూశారు. ఆ గదిలో కొవ్వొత్తి ఇంకా వెలుగుతోంది. చివరికి జేబులోంచి గడియారం తీసి, బల్ల సొరుగులో పెట్టి, సొరుగు మూసేశారు.

"రేపు ఆ నేలమాళిగలు చూద్దామన్నావుగా. ఎన్నింటికి తెరుస్తారట?" అన్నారు.

ఆ మూడు రోజులూ బాగున్నాయి. అంతకంటే చెప్పడానికేమీ లేదు. పొద్దెక్కేదాకా పడుకున్నాను. నేలమాళిగలో మసాలాలు వేసిన తియ్యటి వైన్ తాగి మామయ్య రెండు పాటలు పాడారు. లెంకా నా చెయ్యి పట్టుకుని వీధంతా నడిచింది, తన ఈడు పిల్లలు చూస్తున్నా వదల్లేదు. పదకొండో తారీకు మధ్యాహ్నం నిద్రపోయాను. ఈసారి లేచాక ఏడుపు రాలేదు.

పన్నెండు సాయంత్రం మా వీధి మలుపు తిరగ్గానే మామయ్య ముందుకి వంగారు. వాకిట్లో మంచు మొత్తం తొక్కి తొక్కి బురదయి ఉంది. రెండు మూడు అడుగులు కావు, ఒక సంతే నడిచి వెళ్లినట్టుంది. తలుపు తోసి లోపలికి వెళ్లాం. ఇల్లు వెచ్చగా ఉంది. పెద్ద బల్లని లాగి ఇంకో రెండు బల్లలు కలిపారు, వాటిలో ఒకటి మాది కాదు. గ్లాసులన్నీ కడిగి ఉన్నాయి, కానీ ప్లేట్ల అరలో. బల్ల మధ్య ఒక గోధుమల గిన్నె, అందులో గుచ్చిన కొవ్వొత్తి సగానికి పైగా కాలి ఉంది. ఆ గిన్నె కూడా మాది కాదు.

దోబ్రిలా పిన్ని మా అలికిడి విని పరుగెత్తుకొచ్చింది. "నన్నేం అనకండమ్మా, నేనేం చేసేది? పదకొండింటికి వుకాషిన్ వచ్చి తలుపు ముందు నిలబడ్డాడు. వాళ్లు లేరు బాబూ అన్నా. తెలుసు, తలుపు తియ్యి అన్నాడు. తియ్యకపోతే మంచులో నిలబడే పండగ చేసేలా ఉన్నాడు. తీశా. ఇహ చూస్కో, వెనకాలే వచ్చారు. నలభై మూడు మంది!"

"ఏం తిన్నారు?" అన్నాను. నా నోటికి ముందు వచ్చింది అదే.

"పేపర్లో వేశారుగా ఇంట్లో ఎవరూ ఉండరని. ఉండకపోతే వంటుండదని తెలీదూ? తలో గిన్నె పట్టుకొచ్చారు. సార్మాయే పదకొండు గిన్నెలు. నువ్వేమో గంటకోసారి ఫోను! చేతులు ఖాళీ ఉంటేగా నాకు!"

"మరి వుకాషిన్?" అన్నారు మామయ్య. "వుకాషిన్ ఏమన్నాడు?"

"నీ తువ్వాలు చేతి మీద వేసుకుని వచ్చినప్పట్నుంచి దీపాల వేళ దాకా నిలబడే ఉన్నాడయ్యా. ఆ మోకాళ్లతో! కూర్చో బాబూ అంటే, ఓబ్రెన్ ఊళ్లో లేడు, నేనూ కూర్చుంటే ఈ ఇంటికి యజమానెవరు అన్నాడు. వెళ్తూ వెళ్తూ, ఆ ముసలి వెధవ తిరిగొచ్చాక ఒకసారి కొండెక్కి రమ్మను, ఎక్కడెక్కడ తిరిగాడో చెప్పమను అన్నాడు."

మామయ్య కిటికీ వైపు తిరిగారు. భుజాలు కదిలాయి. మిలాదిన్ వెళ్లి పక్కన నిలబడ్డాడు.

నిజం చెప్పొద్దూ, నాకు మాత్రం ఒళ్లు మండింది. నేను లేకపోతే ఈ ఇంట్లో పండగ జరగదని పంతొమ్మిదేళ్లు నమ్మాను. దానికే విసుక్కున్నాను, దానికే కాస్త గర్వపడ్డాను కూడా. వీళ్లకి ఉప్పు డబ్బా ఎక్కడుందో దొరికింది, పెద్ద గరిటె దొరికింది, నేను దాచుకున్న మంచి బల్లగుడ్డ కూడా దొరికింది. గ్లాసులు తీసి వాటి అరలో సర్దడం మొదలుపెట్టాను. నాలుగో గ్లాసు దగ్గర చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్లూ నేను ఎప్పుడు కావాలన్నా వెళ్లగలిగేదాన్నేమో. అత్తయ్య కూడా. వచ్చేవాళ్లని ఎవరూ అడిగి చూడలేదు.

"ఇదిగో, మర్చిపోయా," అంది పిన్ని. చల్లటి సామాన్ల గదిలోంచి ఒక పళ్లెం తెచ్చింది, మీద ఇంకో పళ్లెం బోర్లించి గుడ్డతో కట్టి ఉంది. "ఇది నీకు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు వుకాషిన్. కోడలు పిల్ల వాటా అని."

విప్పితే సార్మా. ఆరు. ఆరూ ఆరు రకాలుగా చుట్టి ఉన్నాయి, ఆరు ఇళ్లవి. నేను అలవాటుగా గట్టు దగ్గరికి నడిచి, ఫోర్కు తీసుకోబోయాను. మామయ్య వచ్చి పళ్లెం నా చేతుల్లోంచి లాక్కున్నారు.

"కూర్చో," అన్నారు.

"పర్లేదు మామయ్యా, నేను ఇక్కడే..."

"బల్ల దగ్గర కూర్చో అమ్మాయ్."

కూర్చున్నాను. ఆయన సార్మాని మూకుట్లో వేసి పొయ్యి మీద పెట్టారు. మాడకుండా కాసిని నీళ్లు చిలకరించి, పక్కనే ఉండి చూసుకున్నారు. కొక్కేనికి ఉన్న తువ్వాలు తీసి చేతి మీద వేసుకుని, పొగలు కక్కే పళ్లెం తెచ్చి నా ముందు పెట్టి, నా కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడ్డారు.

"కూర్చోండి మామయ్యా. ఇవాళ పన్నెండో తారీకు. పండగ అయిపోయింది."

"అతిథి ఇంకా తినలేదు," అన్నారు.

మొదటి ముక్కకే నాలుక కాలింది. ఆగకుండా తిన్నాను. నేను ఆరోది పూర్తి చేసేదాకా ఆయన ఆ కుర్చీ వెనకాలే నిలబడి ఉన్నారు.